నబ్జ్ తెలిసిన మనిషి: మన మొహల్లా డాక్టర్ సాబ్ కథ



కొత్త మొహల్లాకి మకాం మార్చేముందు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మూడు సంగతులు కనుక్కునేవాళ్ళు. మస్జిద్ ఎంత దూరం? పిల్లలకి బడి ఎక్కడ? అర్ధరాత్రి తబియత్ ఖరాబైతే తలుపు తట్టడానికి డాక్టర్ ఎవరున్నారు? మొదటి రెండిటికీ ఇప్పటికీ జవాబు సులువుగానే దొరుకుతోంది. మూడోదే కష్టం. గుండెకి ఒక డాక్టర్, మోకాళ్ళకి ఒకరు, షుగర్‌కి ఇంకొకరు ఉన్నారు. "మా డాక్టర్ సాబ్" అని చెప్పుకోవడానికి మాత్రం ఒక్క మనిషి ఉండడం లేదు.

మా ఖాలాజాన్ సంగతే చెబుతాను. నడుం నొప్పికి ఒక చోట, తలనొప్పికి ఇంకో చోట చూపించుకుంది. ఇద్దరూ మాత్రలు రాశారు. పేర్లు వేరు, డబ్బాలు వేరు, లోపలున్న నొప్పి మందు మాత్రం ఒకటే. నెలల తరబడి రెండూ మింగింది. గుర్దాలు పాడయ్యాక తెలిసింది. ఆ డాక్టర్లిద్దరికీ ఫన్ లేదని నేననను. ఆమె దగ్గరున్న కాగితాలన్నీ ఒక్కచోట పెట్టి చూసే మనిషి లేకపోయాడు, అంతే. అప్పటినుంచీ నాకు ఈ సవాల్ మనసులో ఉండిపోయింది. మన బుజుర్గులు తమ డాక్టర్‌ని ఎలా వెతుక్కునేవాళ్ళు?

తారీఖ్ తిరగేస్తే వాళ్ళు రెండు పరీక్షలు పెట్టారని నాకు అర్థమైంది. ఒకటి, ఇతనికి ఫన్ నిజంగా వచ్చా, తప్పు జరిగితే జవాబు చెప్పుకుంటాడా? రెండు, ఇతనికి మన ఇల్లు తెలుసా? మొదటి పరీక్ష దీన్ నేర్పింది. రెండోది మొహల్లా నేర్పింది.

మదీనా నుంచి బగ్దాద్ దాకా

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పరామర్శకి వెళ్ళారు. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి, సఖీఫ్ తెగకి చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరికి వెళ్ళమన్నారు, ఆయన వైద్యం తెలిసినవాడని చెప్పారు. ఈ రివాయత్ అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఈ హారిస్ అరబ్బుల్లో పేరున్న తబీబ్. ఆయన ఇస్లాం స్వీకరించారా లేదా అన్నదాని మీద చరిత్రకారుల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. ఆయన్ని ఎంచుకోవడానికి చెప్పిన కారణం ఆయన పనితనం ఒక్కటే. ఫన్ ఉన్న గైర్ ముస్లిం తబీబ్ దగ్గర ఇలాజ్ చేయించుకోవచ్చని చెప్పడానికి ఉలమాల్లో కొందరు ఈ రివాయత్‌నే దలీల్‌గా చూపిస్తారు.

అదే సంకలనంలో ఇంకో హదీస్ ఉంది. వైద్యంలో పేరూ అనుభవమూ లేని మనిషి ఇలాజ్‌కి దిగి, దానివల్ల నష్టం జరిగితే, అతనే జామిన్ అని దాని సారాంశం. అంటే ఆ నష్టానికి బాధ్యుడు. "నేను మంచి నియ్యత్‌తోనే చేశాను" అంటే చెల్లదు. మనం నియ్యత్‌కి ఎంతో విలువిస్తాం, ఇవ్వాల్సిందే. కానీ సూది పట్టుకున్న చేతికి నియ్యత్ ఒక్కటే సరిపోదని ఈ హదీస్ చెబుతోంది.

ఈ ఉసూల్‌ని హుకూమత్ అమలు చేసిన వాకియా ఒకటుంది. 931లో బగ్దాద్‌లో ఒక వైద్యుడి తప్పిదం వల్ల ఒక మరీజ్ చనిపోయాడు. ఖబర్ అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ దాకా వెళ్ళింది. తబీబుల పెద్ద సినాన్ బిన్ సాబిత్ పరీక్షించి ఇజాజత్ ఇచ్చేదాకా ఎవరూ వైద్యం చేయకూడదని ఖలీఫా హుకుం జారీ చేశాడు. ఆ ఒక్క నగరంలోనే 860 మందికి పైగా పరీక్షకి వచ్చారని పాత చరిత్రకారులు రాశారు.

ఆ పరీక్షకి ఒక ముసలాయన కూడా వచ్చాడు. మంచి బట్టలు, పెద్దమనిషి తరహా. సినాన్ ఎంతో అదబ్‌తో కూర్చోబెట్టి మీ ఉస్తాద్ ఎవరని అడిగాడు. ఆయన బంగారు నాణేలు ముందు పెట్టి అసలు విషయం చెప్పేశాడు. తనకి చదవడం రాయడం రాదు, ఇంటినిండా పిల్లలున్నారు, రోజీ తెంచవద్దు అని బతిమాలుకున్నాడు. తనకి తెలియని జబ్బు జోలికి పోకూడదనీ, రక్తం తీయడం, విరేచనాల మందు ఇవ్వడం లాంటివి చిన్న చిన్న జబ్బులకి తప్ప చేయకూడదనీ షర్త్ పెట్టి సినాన్ వదిలేశాడు. ముసలాయన నవ్వి, నేనెప్పుడూ సికంజబీన్, గులాబీ షర్బత్ దాటి పోలేదన్నాడట. మర్నాడు ఒక కుర్రవాడు వచ్చాడు. ఉస్తాద్ ఎవరంటే, నిన్న వచ్చిన ఆ పెద్దాయనే మా అబ్బా అన్నాడు. సినాన్‌కి నవ్వొచ్చి అతనికీ అదే షర్త్ పెట్టి పంపేశాడు.

చదువుతుంటే నవ్వొస్తుంది గాని, ఇది మన గల్లీ చివర సూదులు వేసే ఆర్.ఎం.పి. డాక్టర్ కథే. వెయ్యేళ్ళ కింద బగ్దాద్ అతనికి హద్దు గీసింది. మనం ఇంకా గీయలేకపోతున్నాం.

ఆ రోజుల్లో తబీబ్ అందరికీ అందుబాటులో ఉన్నాడా అంటే, లేడు. అందుకే రయ్ నగరానికి చెందిన మహా వైద్యుడు అబూ బక్ర్ అర్రాజీ, దగ్గర్లో తబీబ్ లేనివాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక కితాబ్ రాశాడు. దానికి పేదల వైద్యం అన్న పేరు కూడా పడింది. పెద్ద దవాఖానాలు నడిపినవాడే, దవాఖానా దాకా రాలేని మనిషి గురించి కూడా ఆలోచించాడు.

దవాఖానా అన్న మాట

ఇక మన దక్కన్‌కి వద్దాం. కోస్తాలో ఆసుపత్రి అంటారు, తెలంగాణ పల్లెల్లో దవాఖాన అంటారు. ఉర్దూ ఒక్క ముక్క రాని రైతు కూడా దవాఖానకి పోతాడు. ఒక మాట అంత లోతుగా జనం నాలుక మీదికి వచ్చిందంటే, దాని వెనుక వందల ఏళ్ళ ఖిద్మత్ ఉండాలి.

1591లో చార్మినార్ కట్టిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా, 1595లో మూసీకి దక్షిణాన దారుష్షిఫా కట్టించాడు. అది రెండంతస్తుల కట్టడం. మరీజులు అక్కడే ఉండి ఇలాజ్ చేయించుకునేవాళ్ళు, తాలిబ్ ఇల్ములు అక్కడే తిబ్ నేర్చుకునేవాళ్ళు. ఆ పేరుతో మొహల్లా ఈనాటికీ ఉంది. రోజూ బస్సులో ఆ దారిన పోయే ఎంతమందికి ఆ పేరు అర్థం తెలుసో! షిఫా ఇల్లు అని.

కానీ మామూలు కుటుంబం ముందుగా పోయేది దారుష్షిఫాకి కాదు, తమ ఖాందానీ హకీం సాబ్ మతబ్‌కి. మతబ్ అంటే హకీం కూర్చునే గది. ఒక చాప, ఒక చిన్న బల్ల, ఖలం, దవాత్. హకీం నబ్జ్ పట్టుకునేవాడు, నాలుక చూసేవాడు, ఖారూరా, అంటే మూత్రం రంగు చూసేవాడు. నిద్ర సంగతి, తిండి సంగతి అడిగేవాడు. నుస్ఖా రాసే ముందు కాగితం పైన "హువష్షాఫీ" అని రాసేవాడు, షిఫా ఇచ్చేవాడు ఆయనే అని. కింద మందులు, పర్హేజ్. ఆ కాగితం పట్టుకుని అత్తార్ దుకాణానికి పోతే ఆయన జడీబూటీలు తూచి పొట్లం కట్టేవాడు.

యునానీ తిబ్‌లో ప్రతి మనిషికీ ఒక మిజాజ్ ఉంటుంది. దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ఖిల్తుల కలయికని బట్టి ఆ మిజాజ్ ఏర్పడుతుందని దాని ఉసూల్. ఈనాటి సైన్సు ఈ నాలుగింటినీ ఒప్పుకోదు. అయినా ఆ ఉసూల్ వల్ల ఒక మంచి అలవాటు వచ్చింది. జబ్బు పేరు కన్నా ముందు హకీంకి మనిషి తెలియాలి. ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటాడో తెలిస్తేనే జబ్బులో ఏం మారిందో తెలుస్తుంది. దాదాకి ఏ మందు పడలేదో మనవడికి రాసేటప్పుడు గుర్తుండాలి. మన పాత తహజీబ్‌లో ఇద్దరు కలిస్తే "మిజాజ్ షరీఫ్?" అని పలకరించుకునేవాళ్ళంటే, ఆ మాట మతబ్ నుంచి బజారులోకి ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఇంగ్లీషు వైద్యం, హకీం పట్టా

1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా జమానాలో హైదరాబాద్‌లో మెడికల్ స్కూల్ మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ మక్లీన్ దాన్ని నడిపాడు. నేర్పింది యూరప్ వైద్యం. చదువు మాత్రం ఉర్దూలో. పాసైనవాళ్ళకి ఇచ్చిన పట్టా పేరేంటో తెలుసా? హకీం. కొత్త వైద్యాన్ని జనం దగ్గరికి తీసుకుపోవాలంటే వాళ్ళకి తెలిసిన జబాన్‌లో, వాళ్ళు నమ్మే పేరుతో పోవాలని ఆనాటివాళ్ళు గ్రహించారనే నాకనిపిస్తుంది.

మన ఇళ్ళలో ఇంకో పెద్ద సవాల్ ఉండేది. పర్దాలో ఉన్న ఆడవాళ్ళకి డాక్టర్ ఎవరు? దాయి చేతిలో కాన్పు, లేకపోతే తెర వెనుక నుంచి చెయ్యి చాపి నబ్జ్ చూపించుకోవడం. చెప్పుకోలేని బాధలు కడుపులోనే దాచుకుని ఎందరు అమ్మలు కబర్‌లోకి వెళ్ళిపోయారో అల్లాహ్‌కే తెలుసు. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో ఐదుగురు ఆడపిల్లలు చేరారు. వాళ్ళలో పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో హకీం పట్టా పుచ్చుకుంది. అవి క్లోరోఫాం వల్ల ప్రమాదం ఎంత అని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌లో తజుర్బాలు చేయిస్తున్న రోజులు. లోకం కళ్ళన్నీ ఇటే ఉన్నాయి. రూపాబాయి క్లోరోఫాం ఇవ్వడంలో నేర్పరి అయింది. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఆమెని లెక్కిస్తారు. తర్వాత జనానా దవాఖానాలు వచ్చాయి, మన ఇళ్ళ కోడళ్ళకి తెర తీయాల్సిన అవసరం లేని తలుపు ఒకటి తెరుచుకుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్ గంజ్ దవాఖానాని ముంచేసింది. దాని స్థానంలోనే విన్సెంట్ ఎష్ గీసిన నక్షాతో 1925 నాటికి ఉస్మానియా దవాఖానా లేచింది. 1918లో మొదలైన జామియా ఉస్మానియా ఉర్దూలో పై చదువులు చెప్పింది. దారుత్తర్జుమాలో వైద్య గ్రంథాలు కూడా ఉర్దూలోకి తర్జుమా అయ్యాయి. అలా వైద్యం చదివిన డాక్టర్లు తమ చదువునీ, మరీజ్ బాధనీ ఒకే జబాన్‌లో అర్థం చేసుకునేవాళ్ళు. "కలేజా ధడక్‌తా", "హాత్ పావ్ సున్న్ హోరే" అని మన నానీ చెబితే, మధ్యలో తర్జుమా చేసే మనిషి అక్కర్లేదు. చార్మినార్ పక్కన మక్కా మస్జిద్ ఎదురుగా ఏడో నిజాం కట్టించిన నిజామియా యునానీ దవాఖానా ఈనాటికీ మరీజులని చూస్తోంది. రెండు పద్ధతులూ పక్కపక్కనే బతికాయి.

ఆంధ్ర వైపు కథ వేరు, కానీ దారి అటువంటిదే. మద్రాసు ప్రభుత్వం 1921లో దేశీ వైద్యాల మీద ఒక కమిటీ వేసింది. దాని సద్ర్ ముహమ్మద్ ఉస్మాన్ సాహెబ్. ఆ కమిటీ చెప్పిన మీదట మద్రాసులో ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడూ ఒకే కప్పు కింద నేర్పే ప్రభుత్వ స్కూలు వచ్చింది. ఇవాళ కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరుతో యునానీ కాలేజీ ఉంది. ఇంగ్లీషు వైద్యంలో ఎల్.ఎం.పి. అనే డిప్లొమా డాక్టర్లు తాలూకా ఊళ్ళలో కాపురాలు పెట్టి సైకిలు మీద ఇళ్ళకి వెళ్ళి చూసేవాళ్ళు. గుంటూరు, కడప, నెల్లూరు వైపు పెద్దవాళ్ళని అడగండి, "మా ఎల్లంపీ డాక్టరు గారు" అని ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

దగ్గర్లో డాక్టర్ లేకపోతే ఏమవుతుందో మహల్‌కి కూడా తెలిసివచ్చింది. 1949లో శహజాదీ నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి సరైన వైద్యం అందక కాన్పులో చనిపోయింది. ఇంకో రఫత్ ఇలా పోకూడదని శహజాదీ పట్టుబట్టింది. 1953లో తెరుచుకున్న నిలోఫర్ దవాఖానా ఆ గమ్ నుంచి పుట్టింది.

ఇంట్లో అల్మారాలో మాత్రం ఒక చిన్న సీసా ఉండేది. 1920లో హకీం ముహమ్మద్ మోయిజుద్దీన్ ఫారూఖీ తయారు చేసిన జిందా తిలిస్మాత్. జలుబుకి, కడుపునొప్పికి నాలుగు చుక్కలు. అర్రాజీ కితాబ్ ఎవరికోసం రాశాడో, ఈ సీసా కూడా వాళ్ళ కోసమే. అయితే మన పెద్దవాళ్ళకి ఒక తమీజ్ ఉండేది. సీసాతో తగ్గకపోతే మర్నాడు పొద్దున డాక్టర్ సాబ్ దగ్గరికి పోవడమే.

ఎక్కడ పోగొట్టుకున్నాం?

1946లో భోర్ కమిటీ దేశమంతటికీ ఒకే రకం డాక్టర్ ఉండాలి, డిప్లొమా డాక్టర్ల చదువులు ఆపేయాలి అంది. ఉద్దేశం మంచిదే. పేదవాడికి తక్కువ చదువున్న డాక్టర్, డబ్బున్నవాడికి ఎక్కువ చదువున్న డాక్టర్ అన్న తేడా ఉండకూడదని. కానీ ఎల్.ఎం.పి.లు ఒక్కొక్కరే రిటైరై కన్నుమూశాక, వాళ్ళ కుర్చీలో కూర్చోవడానికి ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళు చాలినంత మంది తాలూకా ఊళ్ళకి రాలేదు. వాళ్ళు పై చదువులు చదివి స్పెషలిస్టులై పట్నాల్లో ఉండిపోయారు. ఖాళీ అయిన కుర్చీలో ఆర్.ఎం.పి. వచ్చి కూర్చున్నాడు. అతనికి మన ఇల్లు తెలుసు, మన కష్టం తెలుసు, అర్ధరాత్రి పిలిస్తే వస్తాడు, ఉధార్ ఇస్తాడు. రెండో పరీక్షలో నూటికి నూరు. మొదటి పరీక్షలో సున్నా. ప్రతి జ్వరానికీ ఒక సెలైన్, ప్రతి నొప్పికీ ఒక స్టెరాయిడ్.

ఇంకో పక్క పెద్ద పెద్ద అద్దాల ఆసుపత్రులు వచ్చాయి. మొదటి పరీక్ష పాసైనవాళ్ళు అక్కడ ఉన్నారు, రెండోదానికి వాళ్ళకి తీరిక లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద ఇళ్ళని అప్పుల నుంచి కాపాడింది, అల్హమ్దులిల్లాహ్. అయితే అది ముఖ్యంగా ఆపరేషన్ బల్ల మీదికి చేరాక కట్టే ఖర్చు. ఆ బల్ల దాకా పోకుండా ఇరవై ఏళ్ళు బీపీ చూసి, ఉప్పు తగ్గించమని కోప్పడే మనిషి సంగతి వేరు.

1996లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. హోమియోపతి చదివిన డాక్టర్ అల్లోపతి మందులు ఇవ్వగా మరీజ్ చనిపోయాడు. తాను చదవని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యం, నష్టానికి అతనే బాధ్యుడు అని కోర్టు తేల్చింది. నాకు వెంటనే ఆ జామిన్ హదీస్ గుర్తొచ్చింది. హకీం సాబ్ యునానీ చదివితే యునానీ చేయాలి, ఎం.బి.బి.ఎస్. డాక్టర్ తన వైద్యం చేయాలి. ఎవరి ఫన్ వాళ్ళది.

ఇప్పుడు ఎలా వెతకాలి?

మన బుజుర్గుల రెండు పరీక్షలే ఈనాటికీ పనికొస్తాయి.

మొదట ఫన్. గోడ మీద పట్టా చూడండి, రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి. అడగడం బేఅదబీ కాదు, బగ్దాద్ ఖలీఫా అడిగాడు. టోపీ, గడ్డం చూసి గాని, పేరు చూసి గాని ఎంచుకోకండి. సఅద్ (రజి)కి దొరికిన సలహా గుర్తుంచుకోండి. ఫన్ సమానంగా ఉన్నప్పుడు జబాన్ తెలిసినవాళ్ళని, ఆడవాళ్ళ కోసం లేడీ డాక్టర్‌ని కోరుకోవడం మన హక్కు. లేడీ డాక్టర్ దొరకలేదని రొమ్ములో గడ్డని, ఆగని రక్తస్రావాన్ని వాయిదా వేయడం మాత్రం జుల్మ్. జరూరత్ ఉన్నప్పుడు మగ డాక్టర్‌కి చూపించుకోవడానికి షరీఅత్ అనుమతి ఉంది.

తర్వాత ఇల్లు. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక జనరల్ డాక్టర్‌ని ఎంచుకుని, ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి వెళ్ళండి. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి, ఎం.బి.బి.ఎస్. డాక్టర్ ఉంటారు, ఫీజు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే వంతుల వారీగా ఊళ్ళకి వచ్చే పద్ధతి మొదలుపెట్టి, దానికి ఫ్యామిలీ డాక్టర్ అనే పేరు పెట్టారు. పేరు కొత్తది, కోరిక పాతదే.

ఇంటిల్లిపాదికీ ఒక్కొక్క ఫైలు పెట్టండి. ఏ స్పెషలిస్ట్ దగ్గరికి పోయినా, తిరిగొచ్చి ఆ కాగితం మీ డాక్టర్‌కి చూపించండి. హకీం సాబ్ ఇచ్చిన మాజూన్, కుష్తా వాడుతుంటే దాచకండి. కొన్ని కుష్తాల్లో పాదరసం, సీసం లాంటివి ఉంటాయి. డాక్టర్‌కి తెలియకపోతే దెబ్బ పడేది మన గుర్దాల మీదే. మొహల్లాలో మంచి డాక్టర్ ఉంటే ఫీజు ఎగ్గొట్టకుండా, రాత్రిపూట చిన్న తుమ్ముకి లేపకుండా ఆ మనిషిని నిలబెట్టుకోండి. మొహల్లా డాక్టర్ కనుమరుగవడంలో మన చేయి కూడా కొంత ఉంది.

మా ఖాలాజాన్ ఇప్పుడు ఒకే డాక్టరమ్మ దగ్గరికి వెళుతోంది. ఆవిడ హిందూ, తెలుగు మాట్లాడుతుంది. ఖాలా దక్కనీలో బాధ చెప్పుకుంటుంది. ఇద్దరికీ అర్థమవుతోంది. పోయిన నెల కొత్తగా రాసిన మందుల చీటీ ఒకటి తీసుకుపోతే, డాక్టరమ్మ చదివి ఒక పేరు కొట్టేసిందట. "ఇది మీకు వద్దమ్మా, మీ గుర్దాల సంగతి ఆ డాక్టర్‌కి తెలియదు" అందట. నాలుగేళ్ళ కింద ఆ ఒక్క గీత గీసే మనిషి ఉండి ఉంటే!

షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. ఆ షిఫాకి వసీలా అయ్యే మనిషిని వెతుక్కోవడం మన పని. ప్రతి మొహల్లాకీ నబ్జ్ తెలిసిన ఒక మనిషిని ఆయన ప్రసాదించుగాక. ఆమీన్.